పర్షియా నల్లమందు: పన్ను కట్టిన సరుకు దొంగ సరుకు ఎలా అయ్యింది?

1920ల్లో పర్షియా, అంటే నేటి ఇరాన్, దక్షిణ తీరంలోని బుషెహర్ రేవు నుంచి నల్లమందు పెట్టెలతో ఓడలు బయల్దేరేవి. సరుకుకు పన్ను కట్టేశారు. కస్టమ్స్ వాళ్లు చూసి ముద్ర వేశారు. కాగితాల్లో గమ్యస్థానం దగ్గర తరచూ కనిపించిన పేరు వ్లాదివోస్తోక్. రష్యా తూర్పు కొసన ఉన్న ఆ రేవులో అంత నల్లమందు కొనేవాళ్లు లేరు. దారిలో, చైనా తీరం దగ్గరపడ్డాక, పెట్టెలు మాయమయ్యేవి. నానాజాతి సమితి (ఐక్యరాజ్యసమితికి ముందున్న దేశాల సంఘం) సమావేశాల్లో ఈ ఓడల గురించి ఏళ్ల తరబడి చర్చ జరిగింది.

ఇది చట్టబద్ధమైన ఎగుమతా, దొంగ రవాణానా? రెండూ నిజమే. చిక్కంతా అక్కడే ఉంది. నల్లమందు యుద్ధాలు, బెంగాల్ నల్లమందు, మాళవ నల్లమందు గురించి మనం బళ్లో ఎంతో కొంత చదువుకున్నాం. పర్షియా వైపు కథ మాత్రం తెలుగులో పెద్దగా కనబడదు. ఆ కథ తెలియకపోతే ఒక దేశంలో మత్తుమందును ఆపేస్తే ఇంకో దేశంలో ఎందుకు పెరుగుతుందో, లైసెన్సు పెట్టినంత మాత్రాన వ్యాపారం ఎందుకు అదుపులోకి రాదో అర్థం కావడం కష్టం.

## ముందుగా మాటలు విడదీసుకుందాం

గసగసాల మొక్క పచ్చికాయ నుంచి కారే పాలు గడ్డకడితే వచ్చేదే నల్లమందు. మనం కూరల్లోకి నూరుకునే గసగసాలు ఆ కాయ లోపలి గింజలు. కాయకు సన్నగా గాట్లు పెట్టి వదిలేస్తే పాలు ఊరి, గోధుమరంగు జిగురుగా మారతాయి. దాన్ని గీకి పోగు చేస్తారు. నొప్పి తగ్గించే మార్ఫిన్ ఇందులోంచే తీస్తారు. అందుకే ఈ సరుకుకు ఎప్పుడూ రెండు మార్కెట్లున్నాయి. ఒకటి మందుల తయారీ. రెండోది ఉండలు చేసి మింగేవాళ్లది, గొట్టంతో పొగ పీల్చేవాళ్లది. రెండో మార్కెట్టే చాలా పెద్దది.

వ్యాపారంలో లెక్క పెట్టెల్లో ఉండేది. ఒక పెట్టెలో సుమారు 60 నుంచి 70 కిలోల సరుకు. పాత రికార్డుల్లో "ఇన్ని వేల పెట్టెలు" అని కనిపిస్తే దాన్ని 65తో గుణిస్తే కిలోలు వస్తాయి. వెయ్యి పెట్టెలంటే దాదాపు 65 టన్నులు.

ఇక లైసెన్సు. గందరగోళం ఎక్కువగా ఈ మాట దగ్గరే పుడుతుంది, ఎందుకంటే నాలుగు వేర్వేరు అనుమతుల్ని కలిపి ఒకే మాటతో పిలిచేస్తాం. సరుకు పుట్టిన చోట పన్ను కట్టినట్టు వేసే ముద్ర ఒకటి. దేశం దాటించడానికి ఇచ్చే ఎగుమతి అనుమతి ఇంకొకటి. కొనే దేశం "మాకు ఇంత కావాలి, పంపండి" అని ముందుగా ఇచ్చే దిగుమతి పత్రం మూడోది. అక్కడ తాగేవాడికో, అమ్మే కొట్టువాడికో ఇచ్చేది నాలుగోది. పర్షియా దగ్గర మొదటి రెండూ ఉన్నాయి. ప్రపంచం అడిగింది మూడోది. తగాదా అంతా ఈ తేడా మీదే నడిచింది.

## ఒకే పెట్టె, నాలుగు రేవులు

1925లో ఇస్ఫహాన్ నుంచి ఒకే రకం సరుకుతో నాలుగు పెట్టెలు బయల్దేరాయనుకుందాం. నాలుగింటికీ పన్ను కట్టారు, బుషెహర్‌లో నాలుగింటికీ ముద్ర పడింది.

మొదటిది లండన్ చేరింది. అక్కడ కొనేవాళ్లు మందుల కంపెనీలవాళ్లు. వాళ్లకు కావలసింది మార్ఫిన్ శాతం. ముందే తీసుకున్న దిగుమతి అనుమతి ఉంటే ఆ పెట్టె ఔషధపు ముడిసరుకు. రెండోది జపాన్ పాలనలోని తైవాన్‌కు వెళ్లింది. అక్కడ నల్లమందు వ్యాపారం మొత్తం ప్రభుత్వం చేతిలోనే ఉండేది. పేరు నమోదు చేయించుకున్న అలవాటుపడ్డవాళ్లకు మాత్రమే అమ్మేవారు. ఆ ప్రభుత్వం కొంటే పెట్టె చట్టబద్ధం. మూడోది హాంకాంగ్. అక్కడ అంతకుముందు నల్లమందు అమ్మే హక్కును గుత్తకిచ్చేవారు. 1914లో గుత్తేదార్లను తీసేసి బ్రిటిష్ పాలకులు తామే అమ్మడం మొదలుపెట్టారు. అక్కడ ప్రభుత్వం కోసం వచ్చిన పెట్టె సరుకు, మిగతాది దొంగ సరుకు. నాలుగోది షాంఘై దారి పట్టింది. చైనాలో నల్లమందు దిగుమతి నిషేధం. ఆ పెట్టె ఏ కాగితంతో వచ్చినా దొంగ సరుకే.

పెట్టెల్లో ఉన్నది మారలేదు. పర్షియాలో పడిన ముద్రా మారలేదు. ఆ ముద్ర పర్షియా ఖజానాకు డబ్బు అందిందని చెబుతుంది, అంతే. సరుకు ఎవరి చేతికి పోతుందో దానికి పట్టదు.

చైనా విషయంలో కాలం కూడా లెక్కలోకి వస్తుంది. 1858కి ముందు అక్కడ నల్లమందు నిషిద్ధం. రెండో నల్లమందు యుద్ధం మధ్యలో, 1858లో కుదిరిన సుంకాల ఒప్పందంతో అది పికుల్‌కు, అంటే సుమారు 60 కిలోలకు, 30 టేల్‌ల (చైనా వెండి డబ్బు లెక్క) సుంకం కట్టి దించుకోదగ్గ మామూలు దిగుమతి అయ్యింది. 1917 నాటికి మళ్లీ పూర్తిగా నిషిద్ధం. అంటే మధ్యలో దశాబ్దాలపాటు చైనా రేవుల్లో పర్షియా పెట్టె రాజమార్గంలోనే దిగింది. "పర్షియా ఎప్పుడూ దొంగ వ్యాపారమే చేసింది" అనేవాళ్లు ఆ దశాబ్దాలను మరిచిపోతారు. "పర్షియా చట్టప్రకారమే చేసింది" అనేవాళ్లు నిషేధం వచ్చాకటి కాలాన్ని దాటేస్తారు.

## పట్టు పోయాక ఏం అమ్మాలి?

పర్షియాలో నల్లమందు కొత్తది కాదు. సఫావీ రాజుల కాలం నుంచీ మందుగా, మత్తుగా వాడకంలో ఉంది. ఎగుమతి పంటగా మారింది మాత్రం 19వ శతాబ్దం రెండో సగంలోనే. 1850 ప్రాంతంలో ప్రధాని అమీర్ కబీర్ గసగసాల సాగును ప్రోత్సహించాడు. 1859లో దేశం దాటిన సరుకు సుమారు 300 పెట్టెలు. 1880-81 నాటికి అది 7,700 పెట్టెల దాకా వెళ్లింది. మన గుణింతం ప్రకారం దాదాపు 500 టన్నులు. ఇరవై ఏళ్లలో ఇంత పెరుగుదలకు కారణాలు ఒకటి రెండు కావు.

చైనా తలుపు తెరుచుకోవడం ఒకటి. పట్టు దెబ్బతినడం రెండోది. 1860ల్లో పట్టుపురుగులకు పెబ్రీన్ తెగులు సోకి, కాస్పియన్ తీరంలోని గిలాన్‌లో పట్టు పరిశ్రమ కుప్పకూలింది. అప్పటిదాకా విదేశీ డబ్బు తెచ్చిపెట్టే ముఖ్యమైన ఎగుమతి అదే. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంటుంది. "పట్టు రైతులు నల్లమందుకు మారారు" అని రాసేస్తారు. గిలాన్ ఉత్తరాన, వానలు బాగా పడే చోటు. అక్కడి రైతులు ఎక్కువగా వరి వైపు వెళ్లారు. గసగసాలు పండింది ఇస్ఫహాన్, యజ్ద్, షిరాజ్, కెర్మాన్, ఖొరాసాన్ లాంటి పొడి ప్రాంతాల్లో. కాబట్టి మారింది రైతు కాదు, వర్తకుడి పెట్టుబడి. విదేశీ బట్టలకూ పంచదారకూ డబ్బు చెల్లించడానికి దేశానికి ఇంకో ఎగుమతి కావలసి వచ్చింది. నల్లమందు ఆ చోటులోకి వచ్చింది.

మూడో కారణం అన్నిటికన్నా బలమైనదని నా అభిప్రాయం. అది రవాణా. అప్పట్లో పర్షియాలో రైలు లేదు, బళ్లు నడిచే రోడ్లు కూడా తక్కువే. ఇస్ఫహాన్ నుంచి బుషెహర్ చేరాలంటే షిరాజ్ మీదుగా, కొండ కనుమలు దిగుతూ కంచరగాడిదల మీద వెళ్లాలి. ఒక్కో జంతువుకు రెండు పెట్టెలు, చెరో పక్క ఒకటి. లెక్క తేలికగా తెలియడానికి ఊహా అంకెలే తీసుకుందాం. ఒక జంతువు మోసే బరువుకు కిరాయి 10 రూపాయలనుకోండి. అంతే బరువు గోధుమల ధర ఊళ్లో 12 అయితే, రేవు చేరేసరికి 22 పడుతుంది. ఆ ధరకు ఎవరూ కొనరు. అదే బరువు నల్లమందు ధర 600 అయితే, రేవులో 610. కిరాయి కనబడనే కనబడదు. దారులు లేని దేశంలో బరువు తక్కువ, ధర ఎక్కువ ఉన్న పంటే సముద్రం దాకా వెళ్లగలదు.

నీటి సంగతి కూడా ఇందులో కలుస్తుంది. గసగసాలు శరదృతువులో విత్తి, వేసవి ముదరకముందే కోసేసే పంట. వేసవిలో కాలువలు ఎండిపోయే ప్రాంతాలకు ఇది సరిపోయింది. పైగా వర్తకులు పంట చేతికి రాకముందే రైతుకు అడ్వాన్స్ ఇచ్చేవారు. రైతుకు చేతిలో డబ్బు పడింది. దానికి బదులు పంట ధర వర్తకుడు చెప్పినంతే. లాభం పెరుగుతున్నకొద్దీ అది పొలం దగ్గర ఆగకుండా బజారుకు, భూస్వామికి ఎందుకు చేరిందో ఇందులోనే తెలుస్తుంది.

ఇంత చెప్పాక పరిమాణం కూడా సరిగ్గా చూడాలి. 1879-80 ప్రాంతంలో భారతదేశం నుంచి బయటికి వెళ్లిన నల్లమందు లక్ష పెట్టెలు దాటింది. పర్షియా ఎగుమతి దానిలో పదో వంతు కూడా లేదు. అప్పటికి పర్షియా చిన్న పోటీదారు. పెద్ద వ్యాపారి బ్రిటిష్ ఇండియా ప్రభుత్వమే.

## సరాయిలో పలకల మీద

ఇస్ఫహాన్, యజ్ద్ లాంటి ఊళ్ల సరాయిల్లో, అంటే వర్తకుల బసల్లో, నల్లమందును ఎగుమతికి తయారుచేసే పనివాళ్లు ప్రత్యేకంగా ఉండేవారు. తెర్యాక్‌మాల్ అంటే ఆ పనివాడే. పల్లెల నుంచి వచ్చే జిగురులో తేమ ఎక్కువ. పనివాడు దాన్ని చెక్క పలక మీద పల్చగా పరిచి, మొద్దు కత్తిలాంటి గీకుడు పనిముట్టుతో మళ్లీ మళ్లీ రుద్ది, ఎండకు ఆరబెట్టి, గీకి, మళ్లీ పరుస్తాడు. సరైన పాకం వచ్చేదాకా ఇదే పని. తర్వాత ఉండలుగానో బిళ్లలుగానో కట్టి, కాగితం చుట్టి, పెట్టెకెత్తుతారు.

ఎక్కడికి పోవాలన్నదాన్ని బట్టి తయారీ మారేది. చైనాకు వెళ్లే సరుకులో అవిసె నూనె కలిపేవారు. లండన్‌కు వెళ్లే సరుకులో నూనె ఉండకూడదు, మార్ఫిన్ శాతం బాగుండాలి. పలక దగ్గర కూర్చున్న మనిషికి ఏది ఔషధం, ఏది మత్తు అన్న తేడా తెలిసేది ఈ నూనెతోనే.

నూనెతో ఆగితే సరిపోయేది. తొలి దశాబ్దాల్లో ద్రాక్షపాకం, పిండి లాంటివి కలిపి బరువు పెంచారు. హాంకాంగ్ బజారులో పర్షియా సరుకుకు చెడ్డ పేరొచ్చి ధర పడిపోయింది. పట్నా నుంచి వచ్చే బెంగాల్ నల్లమందు మీద బ్రిటిష్ ఇండియా ప్రభుత్వ ఏజెన్సీ ముద్ర ఉంటుంది, కొనేవాడు పెట్టె తెరవకుండానే నమ్ముతాడు. పర్షియాకు అలాంటి హామీదారు లేడు. చివరికి వర్తకులే సరుకు పరీక్షను గట్టిపరచుకుని నాణ్యత పెంచారు. పర్షియా పేరు మళ్లీ నిలబడింది. అంటే ఈ వ్యాపారంలో తొలి నియంత్రణ ప్రజారోగ్యం కోసం వచ్చింది కాదు, కొనుగోలుదారు నమ్మకం కోసం వచ్చింది.

## 1870-72 కరువుకు నల్లమందే కారణమా?

ఈ కాలపు చరిత్రలో అన్నిటికన్నా వేడిగా నడిచిన వాదన ఇదే. 1870 నుంచి 1872 దాకా పర్షియాలో ఘోరమైన కరువు వచ్చింది. చనిపోయినవాళ్లు లక్షల్లో ఉన్నారు. కచ్చితమైన సంఖ్య మీద అంచనాలు చాలా దూరదూరంగా ఉంటాయి.

మంచి పొలాలు, ఉన్న కొద్దిపాటి నీరు గసగసాలకు పోయాయి, గోధుమ నిల్వలు తగ్గాయి, వానలు ఎగ్గొట్టగానే తినడానికేమీ లేకుండాపోయింది అన్నది ఒక వైపు వాదన. ఆ కాలంలో అక్కడున్న విదేశీయులు కూడా ఈ మాటే రాశారు, ముఖ్యంగా యజ్ద్, ఇస్ఫహాన్ గురించి. రెండో వైపు చరిత్రకారులు అంకెలు చూపిస్తారు. 1870కి ముందు ఎగుమతి వెయ్యి పెట్టెల అటూఇటూగా ఉండేది. దానికి కావలసిన భూమి దేశం మొత్తం సాగులో చాలా కొద్ది భాగం. కరువు నల్లమందు పండని ప్రాంతాల్నీ కొట్టింది. పైగా నల్లమందు ఎగుమతి బాగా పెరిగింది కరువు తర్వాత, 1870ల రెండో సగంలో. కారణం ఫలితం కన్నా వెనక రాదు కదా, అంటారు వాళ్లు.

రెండో వాదనలోని అంకెల బలం కాదనలేం. వరుసగా వానలు లేకపోవడం, గింజలు దాచేసి ధర పెంచిన వ్యాపారులు, అధికారులు, తిండి తరలించడానికి దారులు లేకపోవడం ప్రధాన కారణాలని ఒప్పుకోవాలి. అయినా మొదటి వాదనను పూర్తిగా కొట్టేయలేం. దేశం మొత్తం సగటు తీస్తే గసగసాల భూమి కొద్దిదే. యజ్ద్ లాంటి, ఎప్పుడూ బయటి నుంచి గింజలు తెచ్చుకునే చోట, చుట్టుపక్కల కొన్ని ఊళ్లు పంట మార్చుకున్నా తేడా ప్రాణాల మీదికి వస్తుంది. సగటు లెక్క ఆకలి ఎక్కడ పడిందో చూపించదు.

## వలస కాదు, కానీ చేతులు ఖాళీగా లేవు

పర్షియా ఎన్నడూ బ్రిటన్‌కో రష్యాకో వలస రాజ్యం కాలేదు. అయితే 1828 నాటి తుర్కమాన్‌చాయ్ ఒప్పందం తర్వాత రష్యా సరుకుల మీద 5 శాతం మించి సుంకం వేసే వీలు పోయింది. తర్వాత బ్రిటన్‌కూ అదే దక్కింది. ప్రభుత్వం తన పరిశ్రమల్ని కాపాడుకోవడానికి సుంకం పెంచుకోలేదు, రాబడి కోసం కూడా పెంచుకోలేదు. 1898 నుంచి కస్టమ్స్‌ను బెల్జియం అధికారులు నడిపారు. విదేశీ అప్పులకు ఆ కస్టమ్స్ రాబడినే తాకట్టు పెట్టారు. 1907లో బ్రిటన్, రష్యా పర్షియాను అడక్కుండానే దేశాన్ని పలుకుబడి మండలాలుగా పంచుకున్నాయి.

ఇలాంటి ఖజానాకు నల్లమందు పన్ను చేతికందే డబ్బు. 1920ల నాటికి అది ప్రభుత్వ రాబడిలో పదో వంతుకు దగ్గరగా ఉండేది. చమురును పక్కన పెడితే ఎగుమతుల్లో తివాచీల లాంటి రెండు మూడు సరుకులతో పాటు పై వరసలో నిలిచింది.

బ్రిటన్ వైఖరిలో వైరుధ్యం దాగలేదు. బుషెహర్‌లో బ్రిటిష్ ప్రతినిధి ఉండేవాడు, సరుకు మోసే ఓడలు చాలావరకు బ్రిటిష్‌వే, చేరే ముఖ్యమైన రేవు హాంకాంగ్ బ్రిటిష్‌దే. బాగ్దాద్ నుంచి బుషెహర్ మీదుగా బొంబాయి చేరిన సాసూన్ కుటుంబపు కంపెనీ లాంటివి ఈ వ్యాపారంలో ఉన్నాయి. అదే సమయంలో బ్రిటిష్ ఇండియాకు పర్షియా నల్లమందు పోటీ సరుకు. దాన్ని బొంబాయిలో దించితే భారీ సుంకం పడేది. వర్తకులు బొంబాయిని తప్పించే దారులు వెతుక్కున్నారు.

## చట్టం, గోదాము, ఒక మినహాయింపు

1906 రాజ్యాంగ విప్లవం తర్వాత వచ్చిన పార్లమెంటు నల్లమందును దేశ సమస్యగా చూసింది. అప్పటికి పర్షియాలోనే పొగతాగే అలవాటు విపరీతంగా పెరిగింది. 1911లో నల్లమందు పరిమితి చట్టం చేశారు. పన్ను వేసి, ఏటా పెంచుతూ, ఏడేళ్లలో మందుల అవసరానికి తప్ప మిగతా వాడకాన్ని ఆపేయాలన్నది ఉద్దేశం. ఆ చట్టం చూపు దేశంలో తాగేవాళ్ల మీద ఉంది. బయటికి పోయే సరుకు మీద కాదు. ఆ తర్వాత ప్రపంచయుద్ధం, విదేశీ సైన్యాలు, కరువు వచ్చాయి. ఏడేళ్ల గడువు కాగితం మీదే గడిచిపోయింది.

1912లో హేగ్‌లో అంతర్జాతీయ నల్లమందు ఒప్పందం కుదిరింది. ఏ దేశమైతే ముడి నల్లమందు దిగుమతిని నిషేధించిందో ఆ దేశానికి ఎగుమతి కాకుండా చూడాలి అని అందులో ఒక నిబంధన. పర్షియా సంతకం పెట్టింది, ఆ నిబంధనకు మాత్రం మినహాయింపు పెట్టుకుంది. వ్లాదివోస్తోక్ ఓడల గుట్టు ఈ ఒక్క మినహాయింపులో ఉంది. చైనా నిషేధించింది కాబట్టి మీరు పంపకూడదు అని ఎవరైనా అంటే, ఆ బాధ్యత మేం ఒప్పుకోలేదు అని పర్షియా అనగలదు. చట్టం ప్రకారం చూస్తే ఆ జవాబు సబబే. షాంఘైలో బానిసైన మనిషి వైపు నుంచి చూస్తే దానికి అర్థమే లేదు.

1922లో ఆర్థిక వ్యవహారాలు చక్కబెట్టడానికి అమెరికన్ ఆర్థర్ మిల్స్‌పో వచ్చాడు. పంట అంతా ప్రభుత్వ గోదాములకు చేరాలి, అక్కడ తూకం, పన్ను అయ్యాకే బయటికి వెళ్లాలి అన్న పద్ధతిని గట్టిగా అమలు చేశాడు. అప్పటిదాకా ఎంతో సరుకు లెక్కకే వచ్చేది కాదు. ఇస్ఫహాన్‌లో వ్యాపారులు, సాగుదార్లు పెద్ద ఎత్తున నిరసన తెలిపారు. రాబడి మాత్రం పెరిగింది. నియంత్రణ ఎంత బాగా పనిచేస్తే ఖజానా నల్లమందు మీద అంతగా ఆధారపడుతుంది. పర్షియా చిక్కుల్లో మనసుకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. వ్యాపారాన్ని అదుపులో పెట్టాల్సిన చేతికే దాని మీద వచ్చే డబ్బు అలవాటైంది.

## భారతదేశం వెనక్కి తగ్గితే

1907లో చైనాతో కుదిరిన పదేళ్ల ఒప్పందం ప్రకారం బ్రిటిష్ ఇండియా నల్లమందు ఎగుమతిని ఏటా తగ్గిస్తూ వచ్చింది. గడువుకు ముందే, 1913లో, చైనాకు అమ్మకాలు ఆగిపోయాయి. 1926లో ఇంకో అడుగు వేసి, మందులకు కాని ఎగుమతి మొత్తం 1935 చివరికి ఆపేస్తామని ప్రకటించింది. గాంధీజీ, ఆయన ఆంగ్లేయ మిత్రుడు సి.ఎఫ్. ఆండ్రూస్ లాంటివాళ్లు నల్లమందు విధానాన్ని గట్టిగా విమర్శించిన కాలం అది. బయటి ఒత్తిడితో పాటు మన దేశంలోని ఒత్తిడీ ఉంది.

అయితే తాగేవాళ్లు ఒక్కసారిగా మానేయలేదు. ఇండోచైనాలో ఫ్రెంచి ప్రభుత్వం, తైవాన్‌లో జపాన్ ప్రభుత్వం సరుకు కొంటూనే ఉన్నాయి. చైనాలో నిషేధం ఉన్నా, సైనిక నాయకులు ముక్కలు చేసుకున్న దేశంలో అది చాలాచోట్ల నడవలేదు. భారతదేశం వదిలిన ఖాళీలో కొంత చైనాలోనే పండిన సరుకుతో, కొంత పర్షియా సరుకుతో నిండింది. నిజాయితీగా తీసుకున్న ఒక మంచి నిర్ణయం పక్క దేశానికి లాభం పెంచింది. దాన్నిబట్టి భారతదేశం తగ్గించుకోవడం తప్పనలేం. ఒక్క దేశం తగ్గించుకుంటే చాలన్న ఆశే తప్పు.

## హాంకాంగ్‌లో పుట్టిన అధ్యక్షుడు

నల్లమందు మీద 1924-25లో జరిగిన జెనీవా సమావేశంలో పర్షియా తన వాదన సూటిగా వినిపించింది. "మానేస్తాం. బదులు పంటలు వేయడానికి అప్పు కావాలి, సమయం కావాలి, మా ఇతర సరుకులు కొనాలి" అన్నది దాని సారాంశం. ఆ సమావేశంలోనే దిగుమతి పత్రాల పద్ధతి ఒప్పందంలోకి వచ్చింది. కొనే ప్రభుత్వం రాసిస్తేనే అమ్మే ప్రభుత్వం పంపాలి. పర్షియా దాన్ని పూర్తిగా ఒప్పుకోవడానికి సిద్ధపడలేదు.

నానాజాతి సమితి 1926లో ఒక విచారణ కమిషన్‌ను పర్షియాకు పంపింది. అధ్యక్షుడు అమెరికన్ ఫ్రెడరిక్ డెలానో. ఆయన పుట్టింది 1863లో హాంకాంగ్‌లో. తండ్రి వారెన్ డెలానో చైనాలో నల్లమందు వ్యాపారం చేసిన అమెరికన్ కంపెనీ రసెల్ అండ్ కో భాగస్వామి. తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు ఫ్రెడరిక్ మేనమామ. ఒక తరం అమ్మింది, తర్వాతి తరం ఆపమని చెప్పడానికి వచ్చింది. పర్షియా వర్తకులకు పాశ్చాత్య దేశాల నీతిమాటలు ఎందుకు చెవికెక్కలేదో దీన్నిబట్టి కొంత ఊహించుకోవచ్చు.

అయినా ఆ కమిషన్ నివేదికలో పస ఉంది. రైతును తిట్టలేదు. అసలు అడ్డంకి రవాణా అని గుర్తించింది. రోడ్లు, రైలు వస్తే గింజలు, పండ్లు, పట్టు లాంటివి కూడా బజారుకు చేరతాయి. మూడేళ్లు సిద్ధపడి, ఆ తర్వాత గసగసాల సాగును ఏటా పదో వంతు చొప్పున తగ్గించుకుంటూ పోవాలని సూచించింది. సుంకాలు పెంచుకునే స్వేచ్ఛ లేకుండా పర్షియా రాబడి నష్టాన్ని పూడ్చుకోలేదని కూడా ఒప్పుకుంది. పర్షియా ప్రభుత్వం సూత్రప్రాయంగా అంగీకరించింది. అడిగిన అప్పు మాత్రం రాలేదు.

## బాధ్యత ఎవరిది అన్న వాదన

మార్కెట్‌ను తుపాకీతో తెరిచింది బ్రిటన్, పర్షియా సుంకాలను కట్టిపడేసింది విదేశీ ఒప్పందాలు, కొన్నది వలస ప్రభుత్వాలు, కాబట్టి ఇది సామ్రాజ్యవాదం పని అని కొందరంటారు. ఇంకొందరు ఇస్ఫహాన్ వర్తకుల్ని, ఎగుమతుల్లో పెట్టుబడి పెట్టిన అమీన్ అల్ జర్బ్ లాంటి పెద్ద వ్యాపారుల్ని, గసగసాలు వేయించిన భూస్వాముల్ని, పన్నుకు ఆశపడ్డ రాజ్యాన్ని చూపిస్తారు. పర్షియావాళ్లను చేతకాని బాధితులుగా చూడటం వాళ్ల తెలివినీ చొరవనూ తక్కువ చేయడమే అంటారు.

నాకు ఈ రెండూ పరస్పరం కొట్టుకునే వాదనలుగా కనిపించవు. మార్కెట్ ఎక్కడుందో, పర్షియాకు ఏ దారులు మూసుకుపోయాయో మొదటి వాదన చెబుతుంది. మిగిలిన దారిలో లాభం ఎవరు తీసుకున్నారో రెండోది చెబుతుంది. రెంటిలోనూ లెక్కకు రానిది అడ్వాన్స్ తీసుకుని పంట ముందే అమ్ముకున్న రైతు, పల్లెల్లో అలవాటుపడ్డ మనిషి. ఎగుమతి కోసం పెంచిన పంట మొత్తం ఎగుమతి కాలేదు. సరుకు చవగ్గా, చేతికి అందేలా ఉన్న చోట వాడకం పెరిగింది. ఉండ మింగే పాత అలవాటు పోయి, వాఫూర్ అనే గొట్టంతో పీల్చడం ఊరూరా పాకింది.

## 1928 తర్వాత

1928లో పర్షియా విదేశీయుల ప్రత్యేక హక్కుల్ని రద్దు చేసి, సుంకాలు తానే నిర్ణయించుకునే స్వేచ్ఛ తెచ్చుకుంది. అదే ఏడాది నల్లమందు వ్యాపారాన్ని ప్రభుత్వ గుత్తాధిపత్యంగా మార్చే చట్టం వచ్చింది. డెలానో చెప్పిన రైలు మార్గం కూడా వేశారు. చక్కెర, టీ మీద వేసిన పన్నులతో, విదేశీ అప్పు లేకుండా, 1938కి పూర్తిచేశారు. గసగసాల సాగు మాత్రం అనుకున్నట్టు ఏటా పదో వంతు తగ్గలేదు.

కొత్త కొనుగోలుదారు కూడా వచ్చాడు. 1930ల్లో మంచూరియా, ఆ తర్వాత చైనా తూర్పు భాగం ఆక్రమించిన జపాన్‌కు నల్లమందు అమ్మకం డబ్బు సమకూర్చే సాధనమైంది. ఇరాన్ సరుకు కోసం మిత్సుయి, మిత్సుబిషి అనే జపాన్ కంపెనీలు పోటీపడితే, జపాన్ ప్రభుత్వం కల్పించుకుని సర్దుబాటు చేయాల్సి వచ్చింది. 1938-39లో షాంఘై చేరిన ఇరాన్ నల్లమందును జపాన్ సైన్యం తరఫున పనిచేసిన సతోమి హజిమే నడిపిన సంస్థ ద్వారా అమ్మారు. ఇక్కడ అమ్మింది ఒక ప్రభుత్వ గుత్తాధిపత్యం, వెనకుండి కొనిపించింది ఇంకో ప్రభుత్వం, మోసింది పేరున్న కంపెనీలు. దొంగ రవాణా అన్న మాట ఈ వ్యాపారానికి సరిపోదు.

ఇరాన్ గసగసాల సాగును పూర్తిగా నిషేధించింది 1955లో. అప్పటికి అలవాటుపడ్డవాళ్లు దేశంలోనే లక్షల్లో ఉన్నారు. వాళ్ల కోసం టర్కీ, అఫ్గానిస్తాన్ వైపు నుంచి సరుకు సరిహద్దులు దాటి వచ్చింది, దానికి బదులుగా బంగారం బయటికి పోయింది. పక్క దేశాలు ఆపనంతవరకు మేమొక్కరమే ఆపితే నష్టం మాకే అంటూ ఇరాన్ 1969లో ప్రభుత్వ పర్యవేక్షణలో సాగును మళ్లీ అనుమతించింది. అరవై ఏళ్లు దాటినవాళ్లు, మానిపిస్తే ప్రాణానికి ముప్పని డాక్టర్లు చెప్పినవాళ్లు పేరు నమోదు చేయించుకుని, కార్డు చూపించి నల్లమందు కోటా తీసుకునేవారు.